గుమ్మం పట్టని బల్ల

చిరంజీవి అమ్మాయికి,

నాన్న దీవెనలు. ఇక్కడ నేనూ, నా రంపాలూ, గోడ మీది గడియారమూ అందరం కులాసా. గడియారం ఎప్పటిలాగే కాస్త వెనకబడి నడుస్తోంది. దాన్ని తొందరపెట్టడం మానేశాను. నడిసముద్రంలో నువ్వూ, నీతో పనిచేసేవాళ్ళూ, మీ అందరినీ మోస్తున్న ఆ ఓడా క్షేమమని తలుస్తాను.

మీ ఓడ కంపెనీ ఏజెంటు ఆఫీసు ద్వారా నీ ఉత్తరం అందింది. ఫోన్లో నేను "ఆ", "ఊ", "సరే" తప్ప ఇంకో మాట మాట్లాడనని నువ్వే కదా ఈ ఉత్తరాల పద్ధతి పెట్టావు. పద్ధతి మంచిదే. కాగితం మధ్యలో "నాన్నా, లైన్లో ఉన్నావా?" అని అరవదు.

నాలుగు ప్రశ్నలు అడిగావు. నాలుగోదాని కింద రెండు గీతలు కూడా గీశావు. "డొంకతిరుగుడు లేకుండా రాయి నాన్నా. మెస్సు ఆవిడా నువ్వూ పెళ్ళి చేసుకునే ఆలోచన ఉందా, లేదా? ఉంటే నాకు ముందు తెలియాలి. వాళ్ళ నోటా వీళ్ళ నోటా వినకూడదు" అన్నావు. అది చదివి, ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, ఆ పూటంతా ఒక తలుపుకి చిత్రిక పట్టాను. తలుపు బాగా పలచబడింది.

జవాబులు వరసగానే రాస్తాను. వరస తప్పితే నాకు పని సాగదని నీకు తెలుసు.

మొదటిది నా పన్ను. పీకించేశాను. మెస్సులో నా ఎదురుగా కూర్చునే అమ్మాయి లేదూ, పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే పిల్ల, తనే వెంటబెట్టుకు వెళ్ళింది. డాక్టరు "నోరు బాగా తెరవండి" అన్నాడు. ఆ పిల్ల పక్కనుంచి "అదంత తేలిక కాదు సార్, మేం ఏళ్ళ తరబడి ప్రయత్నిస్తున్నాం" అంది. నాకు నవ్వొచ్చి నోరు తెరుచుకుంది. ఆయన పని అయిపోయింది.

రెండోది షెడ్డు కప్పు. బాగుచేశాను. మొన్న పెద్దవాన పడినా చుక్క కారలేదు. చెక్కలన్నీ పొడిగా ఉన్నాయి. కింద పెట్టిన బకెట్టుకి మాత్రం పనిలేకుండా పోయింది.

మూడోది, కిందటి ఉత్తరంలోనే అడిగి, జవాబు రాయలేదేమని ఇందులో మళ్ళీ గుర్తుచేసినది, నువ్వూ మీ రెండో ఇంజనీరూ పడిన వాదన. "ఓడంతా ఇనుమే కదా, మేం నిలబడేదీ ఇనుము మీదే. మరి ఓడెక్కినవాళ్ళని 'ఆన్ బోర్డ్' అంటారేం? బోర్డు ఎక్కడుంది నాన్నా? నువ్వు రోజూ ఆ డిక్షనరీ ముందేసుకుంటావుగా, చూసి చెప్పు" అన్నావు. మంచి ప్రశ్న. ఇలాంటి ప్రశ్నలు ఎన్నయినా అడుగు. నాలుగో రకంవి తగ్గించు.

ఆ కిందటి ఉత్తరం అందిన రోజే, పద్దు రాసుకోవడం అవగానే డిక్షనరీ తీశాను. అది నీకు తెలిసిందే, అట్ట ఊడిపోయి నేను పలచటి చెక్క బిగించుకున్నది. బోర్డు అన్న మాట రెండు పేజీలు ఆక్రమించింది. చదువుతుంటే సొంతవాళ్ళ వంశం గురించి చదివినట్టు అనిపించింది, ఎందుకంటే ఆ మాట పుట్టింది చెక్కలోంచేనట. మొదట్లో దానికి పలక అనే అర్థం. కోసి చదును చేసిన పలక, అంతే. నా చేతికింద రోజూ ఉండేదే.

సరిగ్గా అదే పలుకుబడితో ఇంకో పాత మాట కూడా ఉండేదట. దానికి అంచు అనీ, ఓడ పక్కభాగం అనీ అర్థం. ఈ రెండూ ఒక తల్లి పిల్లలో, ఇరుగుపొరుగు పిల్లలో పండితులు కూడా గట్టిగా తేల్చలేదు. కలిసి తిరిగీ తిరిగీ ఒకటైపోయాయి. నువ్వు ఓడ పక్కలు దాటి లోపలికి అడుగుపెట్టావంటే 'ఆన్ బోర్డ్' అయినట్టే. కింద ఇనుమున్నా, ఇంకేమున్నా ఫరవాలేదు. మీ రెండో ఇంజనీరుకి చెప్పు.

ఇంకొకటి. ఓడ కుడివైపుని 'స్టార్‌బోర్డ్' అంటారని రాశావు కదా. అందులో నక్షత్రాలేమీ లేవు. పూర్వం చుక్కాని వెనక కాకుండా కుడిపక్కన ఉండేదట. చుక్కాని పట్టే పక్క అన్నమాట. వాడగా వాడగా అంచులు అరిగి ఇలా మిగిలింది. ఉలి పిడి కూడా అంతే కదా, అరిగాక మొదట కొన్న ఆకారం ఎవరికి గుర్తుంటుంది?

ఇది తెలిసిన సంతోషంలో నేనొక పని చేశాను. మెస్సులో భోజనం దగ్గర నోరు విప్పాను.

నువ్వు ఓడెక్కినప్పట్నుంచీ రెండు పూటలా అక్కడే తింటున్నానని తెలుసు కదా. కిందటి సెలవుకి వచ్చినప్పుడు నువ్వూ చూశావు, ఒక పొడుగాటి గది, మూడు చిన్న బల్లలు జతచేసి వేసిన వరస, దాని చుట్టూ మేం. రిటైరైన మాస్టారూ, బస్సు కండక్టరూ, టైలరూ, పళ్ళ డాక్టరు దగ్గరి పిల్లా, తక్కినవాళ్ళూ. నేను "బోర్డు అన్న మాట గురించి చదివాను" అనగానే అందరి చేతులూ కంచాల్లో ఆగిపోయాయి. కండక్టరు "మేస్త్రీ, ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు.

చదివిందంతా చెప్పాను. మాస్టారు అందుకున్నారు. "పలక తర్వాత వచ్చిన అర్థం భోజనాల బల్లయ్యా. పాతకాలంలో పలకలు పరిచి దాని మీద తినేవాళ్ళు. బల్ల పేరే మెల్లగా దాని మీది తిండికీ వచ్చింది. ఉండడానికి గదీ, తినడానికి బోర్డూ. మనం తినే ఈ చోటుని బోర్డింగ్ అనడం అందుకే."

"మరి నా కంపెనీ బోర్డు? కోటుకి వెనక చీలిక ఉండాలా వద్దా అని నిర్ణయించే పెద్దమనుషులు?" అన్నాడు టైలరు. వాడు యూనిఫారాలు కుట్టే కంపెనీలో చేస్తాడు.

"వాళ్ళూ బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళే. మీదున్న తిండి తీసేసి కాగితాలు పెట్టుకున్నారు."

"తిండి కూడా ఉంటుంది మాస్టారూ, నేను చూశాను. మాకే రాదు."

కండక్టరు ఊరుకుంటాడా? "బస్సెక్కడాన్ని కూడా బోర్డింగే అంటారు. అంటే నాది ఓడ. రేపట్నుంచి నన్ను కెప్టెన్ అనండి" అన్నాడు.

"కెప్టెన్ గారూ, ముందు ఆ మోచెయ్యి తియ్యండి, గ్లాసు పడుతుంది" అంది పళ్ళ డాక్టరు పిల్ల. అంటూండగానే గ్లాసు పడింది. బల్లల మధ్య సందులోంచి నీళ్ళు మాస్టారి ఒళ్ళోకి కారాయి.

మెస్సు ఆవిడ వంటగదిలోంచి గరిటెతోనే వచ్చింది. "బోర్డూ గీర్డూ తర్వాత. ఈ బల్లలు ఊగీ ఊగీ నా ప్రాణం తీస్తున్నాయి. మేస్త్రిగారూ, మాట ఎక్కడ పుట్టిందో ఇంత బాగా తెలిసినాయన ఒక గట్టి బల్ల చేసి పెట్టలేరా? అందరికీ కలిపి ఒకటే బల్ల. మధ్యలో సందు ఉండకూడదు."

నేను "సరే" అన్నాను. నోరు విప్పినందుకు అదీ ఫలితం.

అప్పుడే టేపు తీసి కొలతలు వేశాను. గది, వీధిలోంచి గదికి వచ్చే కప్పున్న సందు, సందు మలుపు, గుమ్మం. ఎంతమందికి అని అడిగితే ఆవిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ప్రతివాళ్ళనీ లెక్కపెట్టింది, ఎప్పుడో కానీ రాని పోస్టాఫీసు గుమస్తాతో సహా. తనని తాను లెక్కపెట్టుకోలేదు. ఆవిడ ఎప్పుడూ మాతో కూర్చుని తినదు అమ్మాయ్. మేమంతా చేతులు కడుక్కున్నాక, పొయ్యి పక్కన నిలబడి, కంచం చేత్తో పట్టుకుని నాలుగు ముద్దలు తింటుంది. ఆ నాలుగూ తినేలోపు ఎవరో ఒకరు "అక్కా, నా గొడుగు చూశావా?" అని కేకేస్తారు.

అక్కడ అందరూ ఆవిణ్ణి అక్కా అంటారు. ఆవిడకన్నా పెద్దవారు, మాస్టారు కూడా అంటారు. నేను ఏమీ అనను. నీళ్ళు కావలసి వస్తే దగ్గుతాను. నువ్వు సెలవులో వచ్చి ఒక్క పూట అక్కడ తిని ఈ సంగతి కనిపెట్టావు. వీధిలోకి రాగానే "నాన్నా, అందరూ అక్కా అంటుంటే నువ్వొక్కడివే అనవేం?" అన్నావు. నేను ట్రాఫిక్ ఎక్కువగా ఉందన్నాను. అప్పుడు వీధిలో ఒక్క సైకిలు ఉంది.

ఇక బల్ల సంగతి. మంచి పలకలు ఎంచాను. జిగురు పెట్టి, బిగించి, ఆరాక చిత్రిక పట్టాను. కాళ్ళు బోల్టులతో ఊడదీసేలా పెట్టాను, ఎత్తుకెళ్ళడానికి. పైపలకని చివర్లో కొలతకి కోస్తారు కదా. గీత గీసుకున్నాను. రంపం పెట్టాను. పెట్టి తీశాను. ఆ గీత దగ్గర కోస్తే అందరూ పడతారు, ఆవిడ పొయ్యి దగ్గర నిలబడుతుంది. గీతని పక్కకి జరిపి, ఇంకొక మనిషికి సరిపడా వదిలి కోశాను. ఎవరికీ చెప్పలేదు. ఆ చివర అంచుకి మాత్రం ఇంకాస్త ఎక్కువ సేపు గరుకు కాగితం రుద్దాను.

బల్ల చూసి నాకే ముచ్చటేసింది. ఆ ముచ్చటలో, కొలత మారిస్తే దారి కూడా మళ్ళీ కొలుచుకోవాలన్న సంగతి మరిచిపోయాను. పనిలో చేరిన మొదటి వారం నేర్చుకునే పాఠం అది.

సెలవు రోజు పొద్దున్న అందరూ సాయానికి వచ్చారు. పైపలకని ఎత్తి సందులోకి తెచ్చాం. కండక్టరు ముందు నడుస్తూ "రైట్, రైట్... పోనీ పోనీ... హోల్డాన్!" అంటున్నాడు. మాస్టారు ఏమీ మొయ్యకుండా అందరికన్నా ఎక్కువ ఆయాసపడుతున్నారు. మలుపు దగ్గరికి వచ్చేసరికి బల్ల ముందు చివర గుమ్మానికి తగిలింది, వెనక చివర గోడకి. నిలువుగా ఎత్తాం, కప్పుకి తగిలింది. పక్కకి వాల్చాం. టైలరు గోడకీ బల్లకీ మధ్య ఇరుక్కున్నాడు.

"నన్ను ముందు తియ్యండి, తర్వాత బల్ల సంగతి చూద్దాం!"

"నువ్వు సన్నంగానే ఉన్నావు కదరా, ఊపిరి బిగబట్టి రా."

"ఊపిరి బిగబట్టే ఉన్నాను, మాట్లాడించకండి!"

వాడు ఎలాగో బయటపడి, మెళ్ళో వేలాడే టేపు తీసి బల్ల కొలిచాడు. "మేస్త్రీ, నువ్వు చెప్పిన కొలత ఇది కాదే. ఒక మనిషి కూర్చునేంత ఎక్కువుంది. మేమైతే గుడ్డ మిగిలితే లోపలికి మడిచి కుట్టేస్తాం. దీన్నేం చేస్తావ్?"

"ప్రతిరోజూ పద్దు రాసే మనిషివి, నీకు కొలత తప్పడమేమిటయ్యా?" అన్నారు మాస్టారు. ఆయనకి నిజంగానే దిగులేసింది.

నాకు మాట్లాడటం కన్నా కొయ్యడం తేలికనిపించింది. బల్లని సందులోనే నేలమీద దించి, పెన్సిల్ తీసి పాత గీత గీసి రంపం అందుకున్నాను. సరిగ్గా అప్పుడు ఆవిడ గదిలోంచి గుమ్మం దగ్గరికి వచ్చింది. ఇటు మేం, అటు ఆవిడ, మధ్యలో బల్ల.

"ఏం చేస్తున్నారు?"

"కోస్తున్నాను."

"అంత నున్నగా చేసినదాన్ని కొయ్యడమేమిటి? అసలెందుకు పొడుగు పెట్టారు?"

అందరూ నా వైపే చూస్తున్నారు. అమ్మాయ్, నేను అబద్ధం చెప్పగలిగే వాణ్ణే. పొరపాటున పెట్టాను అంటే సరిపోయేది. నాలుకమీదికి వచ్చింది కూడా. కానీ ఆ చివర అంచు అంతసేపు రుద్దినవాణ్ణి, దాన్ని పొరపాటు అనడానికి మనసొప్పలేదు.

"మీరు నిలబడి తింటారు" అన్నాను.

"అయితే?"

"కూర్చుని తింటారని."

"ఎక్కడ?"

పెన్సిల్‌తో చూపించాను. నేనెప్పుడూ ఏ మూల కూర్చుంటానో వాళ్ళందరికీ తెలుసు. నేను చూపించిన చోటు దాని పక్కదే.

పళ్ళ డాక్టరు పిల్ల రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ ఆ అంచుని ఒకసారి అరచేత్తో నిమిరింది. తర్వాత నా వైపు చూడకుండానే అంది.

"రంపం కింద పెట్టండి మేస్త్రిగారూ. బల్లని కొయ్యడానికి వీల్లేదు. గుమ్మం పీకెయ్యండి."

"గుమ్మమా?" అన్నారు మాస్టారు.

"నా ఇల్లు, నా గుమ్మం. పీకమంటున్నాను కదా!"

ద్వారబంధం ఊడదీశాను. పక్క గోడ కూడా కొంచెం చెక్కాల్సి వచ్చింది. ఇటుక పొడి అందరి నెత్తిమీదా పడింది. కండక్టరు మళ్ళీ "రైట్, రైట్" మొదలుపెట్టాడు. ఈసారి బల్ల సాఫీగా గదిలోకి వెళ్ళి కూర్చుంది. ఆ మధ్యాహ్నం అందరం దాని చుట్టూ తిన్నాం. ఆవిడ నా పక్కన కూర్చుంది. కూర్చున్నది మాటిమాటికీ లేవబోతే పళ్ళ డాక్టరు పిల్ల "అక్కా, లేచావంటే ఒట్టే. కూర నేను తెస్తాను" అని తిరిగింది. ఆవిడ తింటూ తింటూ "కూర్చుంటే కూరలో ఉప్పు తక్కువని తెలుస్తోంది. ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పరేం?" అంది. అందరూ కంచాల్లోకి చూసుకున్నారు.

తర్వాత గిన్నెలు కడుగుతుంటే నేను తుడుస్తూ అడగాల్సింది అడిగాను. ఆ మాటలు ఇక్కడ రాయను, అవి సరిగ్గా కుదరలేదు. ఆవిడ చివరిదాకా విని, "మీ అమ్మాయికి తెలుసా?" అంది. లేదన్నాను. "అయితే మీరు నన్ను అడగనూ లేదు, నేను విననూ లేదు. ముందు ఆ పిల్లకి రాయండి. దూరాన నీళ్ళ మీద ఉన్న పిల్ల ఈ కబురు చివరగా వినకూడదు" అంది.

ఆ మర్నాడు, నాలుగో ప్రశ్నతో నీ ఈ ఉత్తరం వచ్చింది.

ఇదీ నేను చెప్పలేక ఇంతదూరం బోర్డు చుట్టూ తిరిగిన సంగతి. నీకు ముందు తెలియాలన్నావు. మెస్సంతటికీ తెలిశాక నీకు తెలుస్తోంది. దాచాలని కాదు. నాలోపల అది ఏ రూపంలో ఉందో బల్ల గుమ్మానికి తట్టుకునేదాకా నాకే తెలియలేదు. నీకు కోపం వస్తే న్యాయమే. వచ్చే ఉత్తరంలో తిట్టు. గీతలు ఎన్ని గీసినా ఫరవాలేదు.

ఒక్క మాట మాత్రం అడక్కుండానే చెప్తాను, ఎందుకంటే అది నువ్వు అడగవని తెలుసు. మీ అమ్మ పోయి ఇన్నేళ్ళయినా ఆమె పేరెత్తితే మనిద్దరం కిటికీలోంచి బయటికి చూస్తాం. ఆమె చోటు నేను ఎవరికీ ఇవ్వలేదు తల్లీ. ఇవ్వలేను కూడా. దాన్ని అలాగే ఉంచి, బల్ల పొడుగు పెంచాను.

నీ నాలుగో ప్రశ్నకి జవాబు: ఉంది. చేసుకోవాలని ఉంది. నువ్వు మనస్ఫూర్తిగా సరే అంటేనే. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టడమే, అదీ నువ్వు సెలవుకి వచ్చినప్పుడు, నువ్వు పక్కనుండగా. ఆవిణ్ణి ఏమని పిలవాలన్నది పూర్తిగా నీ ఇష్టం. వద్దనిపిస్తే అదీ నిర్మొహమాటంగా రాయి. బల్ల ఎలాగూ ఉంటుంది, ఆవిడ కూర్చుని తింటుంది. అంతవరకు నాకు చాలు అని రాద్దామనుకున్నాను. కానీ డొంకతిరుగుడు వద్దన్నావు. చాలదు.

ఉత్తరం పోస్టు చేసేముందు ఆవిడకి చదివి వినిపించాను. నీకు రాసింది ఆవిడకి తెలియకుండా ఉండటం నాకు నచ్చలేదు. బోర్డు దగ్గర నవ్వింది. కండక్టరు దగ్గర నవ్వింది. మీ అమ్మ దగ్గర లేచి వంటగదిలోకి వెళ్ళి, కాసేపటికి వచ్చి మళ్ళీ అక్కడే కూర్చుంది. అంతా అయ్యాక, "బాగానే ఉంది. ఒక ఇంగ్లీషు మాట గురించి ఇంత రాశారు. నా గురించి, నేను నిలబడి తింటాననీ గుమ్మం పీకించాననీ తప్ప ఏముంది ఇందులో? ఆ పిల్ల ఏం చూసి సరే అంటుంది?" అంది.

నిజమే. అందుకని ఈ ఒక్క ముక్కా ఆవిడ ఎదురుగానే రాస్తున్నాను. అమ్మాయ్, ఆవిడ పక్కన కూర్చుంటే నాకు మాట్లాడాలనిపిస్తుంది.

ఇట్లు,
నీ జవాబు కోసం ఎదురుచూసే
మీ నాన్న